ఈ ఫొటోలో ఆవిడెవరు?

మే నెల. నరసరావుపేట చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా పొలం పనులు కాస్త తెరిపిన పడే రోజులు. పత్తి కంప పీకేశారు. కల్లాల్లో ఎండిన మిరపకాయలు కొన్ని గుంటూరు యార్డుకెళ్లాయి, కొన్ని కోల్డ్ స్టోరేజీలో ధర కోసం కూర్చున్నాయి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో మనవలు దిగారు. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ. భోజనాలయ్యాయి, తాటిముంజలూ అయిపోయాయి. ఇంకేం తోస్తుంది? ఎవరో ఒకరు బీరువా మీదున్న పాత ఆల్బమ్ దించుతారు.

"ఈవిడెవరు నాయనమ్మా?"

"అదా... మా పెద్దాడపడుచు. మీ తాతయ్యకి అక్క. పెళ్లయిన ఏడాది చీరాల్లో దిగిన ఫొటో."

"మరి పక్కనున్నాయన?"

నాయనమ్మ కళ్లజోడు సవరించుకుంటుంది. ఫొటోను దూరంగా పెట్టి చూస్తుంది, దగ్గరికి తెచ్చుకుని చూస్తుంది. "ఎవరబ్బా... మీ పెద్దతాతయ్యకైతే తెలిసుండేది."

పెద్దతాతయ్య పోయి చాలా ఏళ్లయింది.

అదే మంచం మీద మనవరాలి అట్టపెట్టె ఒకటి తెరిచి ఉంది. పుట్టినరోజుకి ఎవరో కొనిచ్చిన పేపర్ క్రాఫ్ట్ కిట్. పన్నెండంగుళాల చదరపు రంగు కాగితాలు, లేసులా కత్తిరించిన అంచులు, కాగితం పూలు, సీతాకోకచిలుకలు, రిబ్బను, చిన్న మేకుల్లాంటి బ్రాడ్లు, రెండువైపులా అంటుకునే టేపు, స్టిక్కర్లు. ఆ స్టిక్కర్ల మీద ఈఫిల్ టవరు, ఎర్ర పోస్టుపెట్టె, ఒక మంచు బొమ్మ! పల్నాడు ఎండలో మంచు బొమ్మ ఏం చేసుకోవాలో కిట్టు చేసినవాళ్లకే తెలియాలి.

వీటితో స్క్రాప్‌బుక్ పేజీలు, గ్రీటింగ్ కార్డులు, అరచేతిలో పట్టే మినీ ఆల్బమ్‌లు చేస్తారు. సెలవుల్లో పిల్లలకు మంచి కాలక్షేపం. అయితే అట్టపెట్టె పక్కనే పాత ఆల్బమ్ ఉంది, దాని పక్కనే నాయనమ్మ ఉంది. ఈ మూడూ ఒకచోట చేరే మధ్యాహ్నాలు ఏ ఇంట్లోనైనా లెక్కపెట్టినన్నే వస్తాయి.

ఈ సరదా ఎక్కడిది?

కత్తిరింపులు అంటించుకునే అలవాటు పాతదే. అమెరికన్ రచయిత మార్క్ ట్వేన్ గారికి ఈ పిచ్చి ఎంతంటే, ముందే జిగురు పూసిపెట్టిన పేజీల స్క్రాప్‌బుక్ ఒకటి తయారుచేసి 1873లో పేటెంటు కూడా తీసుకున్నారు. పేజీని కాస్త తడిపి కత్తిరింపు అంటించడమే. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే ఈ అలంకారాల స్క్రాప్‌బుక్కుకి మాత్రం పుట్టిల్లు అమెరికాలోని యూటా రాష్ట్రం. వంశవృక్షాలు రాసిపెట్టుకోవడం అక్కడి మార్మన్ కుటుంబాలకు మతధర్మం లాంటిది. 1980లో సాల్ట్‌లేక్ సిటీలో జరిగిన రికార్డుల మహాసభలో మారిలెన్ క్రిస్టెన్సెన్ అనే ఇల్లాలు తన కుటుంబం ఆల్బమ్‌లు యాభైకి పైగా తెచ్చి పెట్టారు. చూసినవాళ్లంతా ఇది ఎలా చేశారు, ఈ కాగితం ఎక్కడ దొరుకుతుందని అడగడంతో మర్నాటేడుకి దుకాణమే తెరిచారు. అంటే పూలూ రిబ్బన్లూ వెనకొచ్చినవి. మొదట వచ్చింది ఎవరు ఎవరికి ఏమవుతారన్న లెక్క.

మన దగ్గరా లేకపోలేదు. 1980లు, 90లలో చదువుకున్నవాళ్లని అడగండి. క్రికెటర్ల బొమ్మలు పేపర్లోంచి కత్తిరించి పాత నోటుపుస్తకంలో మైదా జిగురుతో అంటించినవాళ్లే సగం మంది. పదో తరగతి చివర ఆటోగ్రాఫ్ పుస్తకాలు, ఆ తర్వాత స్లామ్ బుక్కులు. సంక్రాంతికి సినిమా హీరోల గ్రీటింగ్ కార్డులు కొనుక్కోవడానికి డబ్బుల్లేని పిల్లలు డ్రాయింగ్ షీటు మడిచి, గొబ్బెమ్మ బొమ్మ వేసి, చుట్టూ చెమ్కీ చల్లి స్నేహితులకిచ్చేవాళ్లు. కిట్టు లేదన్న మాటేగానీ చేసింది ఈ పనే.

పత్తి పండే నేల, కలప కాగితం

కిట్టు పెట్టె మీద 'యాసిడ్ ఫ్రీ, లిగ్నిన్ ఫ్రీ' అని చిన్న అక్షరాలు ఉన్నాయేమో ముందు చూడాలి. పూలెన్ని ఉన్నాయో తర్వాత లెక్కపెట్టుకోవచ్చు. ఎందుకంటారా? నెల రోజులు కిటికీలో వదిలేసిన దినపత్రిక ఏ రంగులో ఉంటుందో అందరికీ తెలుసు. కలపలో దాదాపు పావు వంతు లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. చెట్టును నిటారుగా నిలబెట్టేది అదే. చవక కాగితంలో అది చాలావరకు అలాగే ఉండిపోయి, వెలుతురు తగిలితే పసుపెక్కుతుంది. దానికితోడు సిరా పీల్చకుండా కాగితానికి పటిక కలిపే పాత పద్ధతి ఒకటుంది. ఆ పటిక వల్ల ఆమ్లం పుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఆమ్లం కాగితాన్ని అప్పడంలా పెళుసు చేస్తుంది, పక్కనున్న ఫొటోకి కూడా పాకుతుంది.

పత్తిలో ఈ గొడవ లేదు. అది దాదాపు స్వచ్ఛమైన సెల్యులోజు. జిన్నింగ్ మిల్లులో దూది వేరయ్యాక కూడా గింజకి నూగులాంటి పొట్టి పోగులు అంటుకుని ఉంటాయి. వాటిని లింటర్లంటారు. నూనె తీసేముందు గింజల మీంచి గీకి తీసే ఈ పోగులతో మేలురకం కాగితం చేస్తారు. జేబులో ఉన్న కరెన్సీ నోటు కాగితం మొత్తం పత్తే. అందుకే చొక్కాతోపాటు నోటు నానినా, బండమీద నాలుగు దెబ్బలు తిన్నా, ఆరేస్తే మళ్లీ చెల్లుతుంది. రాజస్థాన్‌లోని సాంగనేరులో, పుదుచ్చేరిలో చేత్తో చేసే కాగితం కూడా ఎక్కువగా బనియన్ల గుడ్డపేలికల నుంచే వస్తుంది. గ్రామీణ పరిశ్రమల కోసం గాంధీజీతో కలిసి పనిచేసిన కుమారప్ప గారి పేరు మీద సాంగనేరులో చేతికాగితం సంస్థే ఉంది.

కనుక చిలకలూరిపేట నుంచి పర్చూరు దాకా పత్తి చేల మధ్య ఉన్న ఇంట్లో, నాయనమ్మ ఫొటోని నాసిరకం కలప కాగితం మీద అంటించడం కాస్త సిగ్గుచేటే! ఖాదీ దుకాణాల్లో చేతికాగితం దొరికితే తెచ్చుకోండి. కిట్టులోని రంగు కాగితాన్ని అంచులకు, అట్టకు వాడి, ఫొటో ఆనే చోట ఈ కాగితం వేస్తే సరిపోతుంది.

కాగితాన్ని కాపాడుకోవడమంటే ఏమిటో చూడాలంటే చీరాల పక్కనే వేటపాలెం ఉంది. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ దాచి ఉంచారు. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఆ ఊరు వెతుక్కుంటూ వస్తారు. వందేళ్ల కిందటి కాగితం సముద్రపు గాలి తగిలే ఊళ్లో కూడా నిలిచిందంటే, దాన్ని ఎవరో తీసి దులిపి, ఏది ఎక్కడుందో చీటీ రాసి పెట్టబట్టే.

జిగురు దగ్గరే మోసం

నల్ల అట్టల ఆల్బమ్ గుర్తుందా? మధ్యమధ్య బటర్ పేపరు, నాలుగు మూలలా కాగితపు కార్నర్లు. ఆ కార్నర్లలో దూర్చిన బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు అరవై ఏళ్ల తర్వాత కూడా చక్కగా ఉన్నాయి. తర్వాత ఫ్యాషన్‌గా వచ్చినవి పైన ప్లాస్టిక్ పొర, కింద జిగురు చారలు ఉండే ఆల్బమ్‌లు. పొర ఎత్తడం, ఫొటో పెట్టడం, పొర మూయడం. ఎంత సులువో! పెళ్లి ఆల్బమ్‌లు బోలెడు వాటిలోనే ఉన్నాయి. ఇప్పుడు ఆ చారలు గోధుమరంగుకి తిరిగాయి, ఫొటోలు బంకలా పట్టుకుపోయాయి. ఫొటోల రంగులు కూడా ఎర్రబారాయి. అమ్మ పెళ్లి ఫొటో కంటే అమ్మమ్మ పెళ్లి ఫొటోయే తేటగా కనిపించడం చాలా ఇళ్లలో ఉన్న వింత.

వాటిని గోటితో పీకకండి. మొదట ఉన్నదున్నట్టు ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాత పళ్ల సందుల్లో వాడే ఫ్లాస్ దారం, లేదా సన్నని నైలాను దారం ఫొటో కిందికి దూర్చి, రంపం లాగినట్టు నెమ్మదిగా అటూ ఇటూ లాగాలి. రానంటే వదిలేయండి. నీళ్లు చల్లి నానబెట్టే ప్రయోగాలు వద్దు. ఊడనిదాన్ని పేజీతోపాటే స్టూడియోకి తీసుకెళ్లి కాపీ తీయించుకోవచ్చు.

కొత్త పేజీలు చేసేటప్పుడూ ఇదే జాగ్రత్త. సెల్లోటేపు నాలుగు వేసవులు గడిస్తే ఎండి, గోధుమ మరక మిగిల్చి రాలిపోతుంది. తెల్ల జిగురులో నీళ్లుంటాయి కాబట్టి ఎక్కువ రాస్తే కాగితం ముడతలు పడుతుంది. బొమ్మలకు, రిబ్బన్లకు అది చాలు. ఫొటోకి మాత్రం కార్నర్లే మేలు, రేపు ఎవరికైనా కావాలంటే తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. ఇంట్లో కాచిన మైదా జిగురంటే రామబాణం పురుగుకి విందు భోజనమే. బైండింగు చేసేవాళ్లు అందుకే అందులో మైలుతుత్తం కలిపేవాళ్లు. అది విషం. పిల్లలు కూర్చునే చోట దాని మాటే వద్దు.

ఇంకో సంగతి. అసలు ఫొటోలను అంటించకూడదు, కత్తిరించకూడదు. కిట్టులో హృదయాకారం పంచ్ ఉంది కదా అని తాతయ్య తల చుట్టూ గుండ్రంగా కోసేస్తే, వెనకున్న పెంకుటిల్లు, గుంజకి కట్టిన గిత్త, గోడమీది క్యాలెండరు పోతాయి. ఫొటో ఏ సంవత్సరానిదో చెప్పేది ఒక్కోసారి ఆ క్యాలెండరే. కాపీలు తీయించి, ఎన్ని కోతలైనా వాటిని కోసుకోండి. అసలు ఫొటోలను కవర్లలో పెట్టి, తేమ తగలని బీరువాలో మధ్య అరలో ఉంచండి. పై అర శ్లాబు వేడికి కాగుతుంది, కింది అరకి చెద పడుతుంది.

ఒక్క షీటుతో బుల్లి ఆల్బమ్

కిట్టులోని పన్నెండంగుళాల షీటు ఒకటి తీసుకోండి. మరీ మందంగా ఉంటే మడతల దగ్గర పగులుతుంది, 120 నుంచి 160 జీఎస్ఎం కాగితమైతే బాగుంటుంది. దాన్ని ఒకవైపు సగానికి, రెండోవైపు నాలుగు భాగాలకు మడిచి విప్పితే మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తుతో ఎనిమిది గళ్లు వస్తాయి. మధ్యలో అడ్డంగా పోయే మడత మీద, నడిమి రెండు గళ్ల మేర మాత్రమే కత్తిరించండి. అటూ ఇటూ చివరి గళ్ల జోలికి పోవద్దు. ఇప్పుడు షీటును అడ్డంగా సగానికి మడిచి, రెండు చివర్లు పట్టుకుని లోపలికి నెడితే మధ్యలో చీలిక తెరుచుకుని ప్లస్ గుర్తులా నిలబడుతుంది. దాన్ని చుట్టూ తిప్పి మూస్తే ఎనిమిది పేజీల పుస్తకం తయారు. జిగురు చుక్క అక్కర్లేదు. మొదటిసారి రాకపోతే పాత పేపరు మీద రెండుసార్లు చేసి చూస్తే చేతికి అలవాటవుతుంది.

మూడంగుళాల వెడల్పేం సరిపోతుందంటారేమో. ఇంట్లో ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేదా? దాని ఫొటోలు ఆరు సెంటీమీటర్ల చదరం. నెగెటివ్ ఎంతో ప్రింటూ అంతే వేసేవాళ్లు. ఈ పేజీలో అలాంటి ఫొటో ఒకటి చక్కగా కూర్చుని, కింద నాలుగు లైన్లు రాసుకునేంత చోటు మిగుల్తుంది. ఆ చోటే అసలు సంగతి.

అక్కడ స్టిక్కర్ వద్దు. పేరు రాయండి. 'నాయనమ్మ' అని కాదు, నాయనమ్మ అసలు పేరు. పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, ఫొటో ఎక్కడ దిగారో, ఎందుకు దిగారో. గుంపు ఫొటో అయితే ఎడమనుంచి కుడికి వరసగా. సంవత్సరం కచ్చితంగా తెలియకపోతే 'పెద్దబాబాయ్ పుట్టకముందు' అని రాసినా పరవాలేదు, లెక్కతేలుతుంది. వరస కూడా రాయాలి. అమెరికాలో పెరిగే పిల్లలకి ఆంటీ అంటే అందరూ ఆంటీలే. మేనత్తకి, పిన్నికి తేడా ఈ నాలుగు లైన్లే చెప్పాలి. ఫొటో వెనక రాయాల్సొస్తే బాల్‌పెన్ను నొక్కిపెట్టి రాయకండి, ముందువైపు గీత తేలుతుంది. పాత ఫొటోలకు మెత్తటి పెన్సిలు మేలు.

నాయనమ్మ చెప్పేది వింటూ రాయడం మొదలుపెడితే మొదటి రోజు రెండు పేజీలు కూడా కావు. పెద్దాడపడుచు పెళ్లికి పెట్టిన వంటల దగ్గర మొదలై, అప్పటి వానల మీదికి, పొలం అమ్మిన సంగతి మీదికి పోతుంది కథ. పోనివ్వండి. ఫోన్ రికార్డింగు పెట్టుకుని, పేజీకి కావలసింది రాత్రి తీరిగ్గా రాసుకోవచ్చు. ఒక్కో ఫొటో దగ్గర ఆవిడ మాట్లాడకుండా పేజీ తిప్పేస్తుంది. అక్కడ గుచ్చిగుచ్చి అడగకూడదు.

ఇంకేమేం అతికించవచ్చు? శుభలేఖలు మూలల పసుపుతో సహా దాచుకోవలసినవి. తాతయ్య మిరపకాయలు అమ్మినప్పటి తక్‌పట్టీ, జిన్నింగ్ మిల్లు కాటా చీటీ, మొదటి ట్రాక్టరు రసీదు ఉంటే వదలకండి. ఏ స్టిక్కరూ వాటికి సాటిరాదు. ఈ మధ్యవి మిషన్లో వచ్చే నున్నటి చీటీలైతే జిరాక్సు తీసి అంటించండి. అసలుది రెండు మూడేళ్లలో తెల్లకాగితమైపోతుంది. ఎండుమిరపకాయనే అంటిస్తే మన జిల్లా గుర్తుగా ఉంటుందనుకునేవాళ్లకు ఒక మనవి. గింజల్లో నూనె ఉంది, పేజీకి మరక దిగుతుంది, పైగా పురుగు పడుతుంది. పత్తికాయదీ అదే కథ. దూది అంటించాలంటే గింజ తీసేసి అంటించండి. మిరపకాయని ఎర్ర కాగితంతో కత్తిరిస్తే పేజీకి ఘాటు తగ్గదు!

కార్డుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు, పిల్లలే పెద్దల కంటే బాగా చేస్తారు. షష్టిపూర్తికో, అమ్మమ్మ పుట్టినరోజుకో కిట్టు కాగితం మడిచి చేసిన కార్డు లోపల ఒక చిన్న పాత ఫొటో కాపీ పెట్టి చూడండి. ఫోన్లో వచ్చిన నూరు పూలగుత్తులు డిలీట్ అయిపోతాయి, ఆ కార్డు మాత్రం దేవుడి పటం వెనకకి చేరుతుంది.

ఆల్బమ్ పూర్తయ్యాక రెండోది ఇంకొకటి చేయండి. కాపీలే కాబట్టి కష్టమేమీ లేదు. ఒకటి ఊళ్లో, ఒకటి వేరే ఊళ్లోని అన్నదమ్ముల ఇంట్లో ఉండాలి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచెత్తింది. రేపల్లె, బాపట్ల వైపూ ఊళ్లకు ఊళ్లు దెబ్బతిన్నాయి. వేల మంది పోయారు. బతికి బయటపడ్డ ఇళ్లలో చాలామందికి పోయినవాళ్ల ముఖం చూపించే కాగితం ముక్క కూడా మిగల్లేదు. దూరపు చుట్టాల ఇంట్లో పెళ్లి ఫొటో ఉంటే, ఆ గుంపులో వెనక వరసలో నిలబడ్డ బొమ్మను పెద్దది చేయించుకుని గోడకి తగిలించుకున్నవాళ్లున్నారు.

మరి చీరాల ఫొటోలో నాయనమ్మ పోల్చుకోలేకపోయిన ఆ పెద్దమనిషి సంగతి? ఆ పేజీలో పెద్దాడపడుచు పేరు రాసి, ఆయన పేరు రాయాల్సిన చోట పెన్సిలుతో చిన్న గీత గీసి ఖాళీగా వదిలేయాలి. ఆ ఫొటోని ఫోన్లో ఇంకొల్లు పిన్నమ్మ గారికి, ఒంగోలు మేనమామ గారికి పంపాలి. పిన్నమ్మ గారికి చూపు ఆనదు, కాబట్టి సాయంత్రం ఆవిడ మనవడు ఇంటికొచ్చాక ఫోన్ చేసి, "ఎడంచేతికి వాచీ ఉంది, బుగ్గమీసాలు, తలపాగా లేదు" అని ఒక్కొక్కటే చెప్పాలి. అవతలి నుంచి ఆవిడ, "వాచీ ఉందా? అయితే..." అని ఆగుతుంది. పెన్సిలు పక్కనే పెట్టుకోండి.